ఒకరి రక్తపుచుక్కలో ఊరందరి గుట్టు

క్షౌరశాలలో జుట్టు కత్తిరించుకున్నాక కిందపడిన వెంట్రుకలను మీరు మళ్ళీ ఎప్పుడైనా తలుచుకున్నారా? చీపురుతో ఊడ్చేయగానే వాటితో మన సంబంధం తీరిపోయిందనుకుంటాం. కాని ఎవరో ఆ వెంట్రుకలను ఏరి, కాగితంలో చుట్టి, వందేళ్ళు భద్రంగా దాచారనుకోండి. మీ మునిమనుమల కాలంలో ఒక శాస్త్రజ్ఞుడు వాటిని పరీక్షించి మీ వంశం ఎక్కడిది, మీ వాళ్ళు ఎవరికి చుట్టాలు అన్న సంగతులు చెప్పాడనుకోండి. అప్పుడు ఆ వెంట్రుకల మీద హక్కు ఎవరిది?

ఈ ప్రశ్న కేవలం ఊహలోంచి పుట్టింది కాదు. 1906 నుంచి 1908 వరకు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త అండమాన్ దీవులలో ఆదివాసుల జీవితాన్ని అధ్యయనం చేశాడు. అప్పట్లో ఆయన సేకరించిన ఆదివాసుల వెంట్రుకలు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చేరాయి. దాదాపు ఒక శతాబ్దం గడిచాక శాస్త్రజ్ఞులు ఆ వెంట్రుకలలోంచి డి.ఎన్.ఎ.ను వేరుచేసి చదివారు. మన హైదరాబాదు శాస్త్రజ్ఞులు కూడా పాలుపంచుకున్న ఆ పరిశోధన ఫలితాలు 2003లో వెలువడ్డాయి.

ఆ వెంట్రుకలు ఇచ్చిన నాటికి డి.ఎన్.ఎ. నిర్మాణం ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అది తెలిసింది 1953లో. కనుక ఇచ్చినవారు తమ వెంట్రుకలు దేనికి పనికివస్తాయనుకున్నారో గాని, ఇందుకు పనికివస్తాయని మాత్రం అనుకొని ఉండరు. అడిగి తీసుకున్నవారు కూడా అనుకొని ఉండరు.

జన్యు పరీక్షలు నేడు వైద్యానికి, న్యాయానికి, చరిత్రకు ఎంతో మేలు చేస్తున్నాయి. వాటితోపాటే ఒక చిక్కు కూడా వచ్చింది. మీ జన్యు సమాచారం మీ ఒక్కరిది కాదు. అందులో మీ తల్లిదండ్రులు, తోబుట్టువులు, పుట్టబోయే పిల్లలు అందరికీ వాటా ఉంది. ఈ సంగతి పెద్ద జనాభాలో అంతగా కనబడదు. అండమాన్ దీవులలోని చిన్న చిన్న సమూహాలలో స్పష్టంగా కనబడుతుంది. అదెలాగో చూద్దాం.

కణంలోని గ్రంథం

మన శరీరంలోని దాదాపు ప్రతి జీవకణంలోను ఒక కేంద్రకం ఉంటుంది. కేంద్రకంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వీటిలో 23 తల్లి నుంచి, 23 తండ్రి నుంచి వచ్చినవి. క్రోమోజోములలో మెలితిరిగిన నిచ్చెనలా ఉండే పదార్థమే డి.ఎన్.ఎ. దీనిని నాలుగే అక్షరాలతో రాసిన గ్రంథంగా భావించవచ్చు. తల్లి ఇచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి ఇచ్చిన ప్రతిలో అన్నే అక్షరాలు ఉంటాయి.

ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా ఈ గ్రంథం 99 శాతానికి పైగా ఒకేలా ఉంటుంది. మిగిలిన ఆ కొద్ది తేడాలలోనే మన ప్రత్యేకతలు దాగి ఉన్నాయి. కొన్ని తేడాలు కంటి రంగును, కొన్ని రక్తవర్గాన్ని నిర్ణయిస్తాయి. కొన్ని వ్యాధులకు కారణమవుతాయి. చాలా తేడాలవల్ల ఏ ఫలితమూ ఉండదు. కాని ఏ ఫలితమూ లేని తేడాలు కూడా మనిషిని గుర్తుపట్టడానికి వేలిముద్రల్లా పనికివస్తాయి.

కేంద్రకం బయట మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలు ఉంటాయి. వాటికి సొంతంగా ఒక చిన్న డి.ఎన్.ఎ. ఉంది. అందులో 16,569 అక్షరాలే ఉంటాయి. ఇది తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. తండ్రి మైటోకాండ్రియా బిడ్డకు చేరదు. కనుక మీ మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. మీ అమ్మది, అమ్మమ్మది, అమ్మమ్మ వాళ్ళ అమ్మది. తరాలు గడిచేకొద్దీ ఇందులో అరుదుగా ఒక్కో అక్షరం మారుతుంది. ఇద్దరి డి.ఎన్.ఎ.ల మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కపెడితే వారి ఉమ్మడి పూర్వీకురాలు సుమారు ఎంత కాలం క్రితం జీవించిందో అంచనా వేయవచ్చు. వెంట్రుకలో కేంద్రకపు డి.ఎన్.ఎ. చాలావరకు శిథిలమైపోతుంది. ఒక్కో కణంలో వందల సంఖ్యలో ఉండే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. మాత్రం ఎక్కువ కాలం నిలుస్తుంది. కేంబ్రిడ్జిలోని పాత వెంట్రుకలు పనికివచ్చింది అందుకే.

అండమాన్ చెప్పిన కథ

విశాఖపట్నం రేవు నుంచి అండమాన్‌కు ఓడలు వెళ్తాయని మీలో చాలామందికి తెలిసి ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మనం పోర్ట్ బ్లెయిర్‌గా ఎరిగిన పట్టణానికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అయితే మనవాళ్ళు గాని, మరే ఇతర ప్రాంతాల వాళ్ళు గాని అక్కడికి చేరడానికి వేల సంవత్సరాల ముందు నుంచే ఆ దీవులలో మనుషులు ఉన్నారు. అండమాన్‌లో గ్రేట్ అండమానీయులు, ఓంగేలు, జారవాలు, సెంటినలీయులు. నికోబార్‌లో నికోబారీలు, షాంపెన్లు.

1858లో ఆంగ్లేయులు అండమాన్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పిన నాటికి గ్రేట్ అండమానీయులు వేల సంఖ్యలో ఉండేవారు. తరువాత బయటివారితో వచ్చిన అంటువ్యాధులు, ఘర్షణలు వారిని తుడిచిపెట్టాయి. 1961 జనగణన నాటికి మిగిలినవారు 19 మంది. 2011 జనగణనలో 44 మందిగా లెక్కతేలారు. అదే జనగణనలో ఓంగేలు 101 మంది, జారవాలు 380 మంది.

వీరెవరు? ఎక్కడి నుంచి వచ్చారు? హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ, అంటే మనం సి.సి.ఎం.బి. అని పిలుచుకునే సంస్థ, ఈ ప్రశ్నను చేపట్టింది. డాక్టర్ కుమారస్వామి తంగరాజ్, డాక్టర్ లాల్జీ సింగ్, వారి సహచరులు ఓంగేలు, గ్రేట్ అండమానీయులు, నికోబారీలలో ఐదుగురు చొప్పున మొత్తం 15 మంది మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను ఆసాంతం చదివారు. 2005లో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఆ ఫలితాలు ప్రపంచాన్ని ఆకర్షించాయి. నికోబారీలకు ఆగ్నేయాసియా వాసులతో దగ్గరి సంబంధం కనిపించింది. ఓంగేలు, గ్రేట్ అండమానీయుల మాతృవంశాలు మాత్రం విలక్షణంగా ఉన్నాయి. 50 నుంచి 70 వేల సంవత్సరాల క్రితం ఆఫ్రికా నుంచి సముద్రతీరం వెంబడి బయలుదేరిన తొలి మానవుల సంతతి వీరని ఆ శాస్త్రజ్ఞులు భావించారు. ఆ వంశాలకు దగ్గరివి భారత ప్రధాన భూభాగంలో కూడా ఉన్నాయని తరువాత తేలడంతో, వీరు సరిగ్గా ఎప్పుడు దీవులకు చేరారన్న విషయంపై చర్చ ఇంకా సాగుతోంది.

ఈ కథలో మనకూ వాటా ఉంది. 2009లో సి.సి.ఎం.బి., అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి మన దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది డి.ఎన్.ఎ.ను పోల్చి చూశారు. వెలమ, వైశ్య, మాల, మాదిగ, చెంచు మొదలైన తెలుగునాటి సమూహాలు అందులో ఉన్నాయి. భారతీయులలో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహాల మిశ్రమమని, ఆ రెండింటిలో దక్షిణాదికి చెందిన ప్రాచీన సమూహానికి ఓంగేలు దూరపు బంధువులని ఆ పరిశోధన తెలిపింది. ఉత్తరాది ప్రాచీన సమూహపు మిశ్రమం ఓంగేలలో లేదు. అందువల్ల మిగిలిన భారతీయుల లెక్క తేల్చడానికి ఓంగేల డి.ఎన్.ఎ. ఒక కొలబద్దగా పనికివచ్చింది. వంద మంది ఉన్న సమూహం వంద కోట్ల పైబడిన జనం చరిత్రకు దారి చూపిందన్నమాట.

పరీక్షలవల్ల మేలు

పూర్వీకుల చరిత్ర అలా ఉంచి, వైద్యంలో జన్యు పరీక్షల ఉపయోగాలు చూద్దాం.

మొదటిది, వాహకులను గుర్తించడం. సికిల్ సెల్ రక్తహీనత దీనికి మంచి ఉదాహరణ. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఈ వ్యాధి వస్తుంది. ఒకరి నుంచే వస్తే ఆ వ్యక్తి ఆరోగ్యంగానే ఉంటాడు. అతణ్ణి వాహకుడు అంటారు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్త పరీక్షతో ఈ సంగతి ముందే తెలుసుకోవచ్చు. మన ఏజెన్సీ ప్రాంతాలతో సహా దేశంలోని గిరిజన ప్రాంతాలలో 7 కోట్ల మందిని పరీక్షించాలన్న లక్ష్యంతో 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలైంది.

రెండవది, మందుల ఎంపిక. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాలలో రక్తంలోని ఒక ఎంజైము దానిని విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లోపించినవారిలో మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది. ఊపిరి తీసే కండరాలు కూడా పనిచేయవు గనుక ప్రాణానికే ముప్పు. ఈ లోపం వైశ్యులలో ఇతరులకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని తేలింది. ముందుగా తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు. ప్రాణం నిలబడుతుంది.

మూడవది, చిన్న సమూహాల రక్షణ. తరతరాలుగా కొద్దిమంది మధ్యనే పెళ్ళిళ్ళు జరిగితే తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి చాలా చోట్ల ఒకేలా ఉంటాయి. వైవిధ్యం తగ్గితే కొత్త రోగాలను ఎదుర్కొనే శక్తి కూడా తగ్గవచ్చు. 2020 ఆగస్టులో గ్రేట్ అండమానీయులలో పదిమందికి కొవిడ్ సోకినట్లు వార్త వచ్చినప్పుడు దేశం ఉలిక్కిపడింది. యాభై మంది ఉన్న జాతిలో పదిమంది అంటే ఐదో వంతు. ఓంగేలు, జారవాల వంటి సమూహాలకు ఈ వ్యాధి ముప్పు ఎక్కువగా ఉండవచ్చని 2021లో సి.సి.ఎం.బి., బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు జన్యు సమాచారం ఆధారంగానే హెచ్చరించారు.

ఇవి కాక పుట్టగానే శిశువులకు చేసే పరీక్షలు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పును తెలిపే పరీక్షలు, నేరస్థులను పట్టించి నిరపరాధులను విడిపించే డి.ఎన్.ఎ. పరీక్షలు ఉన్నాయి. కనుక ఈ పరీక్షలు వద్దనడం తెలివైన పని కాదు.

పేరు కొట్టివేస్తే చాలదా?

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. రక్తం సీసా మీద పేరు తీసేసి అంకె వేస్తే సరిపోతుంది కదా? అప్పుడు గుట్టు ఎలా బయటపడుతుంది?

కాగితం, పెన్సిలు తీసుకోండి. డి.ఎన్.ఎ.లో ఒక స్థానం తీసుకుందాం. అక్కడ జనంలో సగం ప్రతులలో 'క', సగం ప్రతులలో 'గ' ఉన్నాయనుకుందాం. మనలో ప్రతివారికీ రెండు ప్రతులు గనుక కక, కగ, గగ అని మూడు రకాల మనుషులుంటారు. వారి వాటాలు వరసగా 1/4, 1/2, 1/4. బంధుత్వం లేని ఇద్దరు వ్యక్తులు ఈ స్థానంలో ఒకే రకంగా ఉండే అవకాశం ఎంత? ఒక్కో వాటాను దానితోనే హెచ్చించి కూడితే 1/16 + 1/4 + 1/16, అంటే 3/8. ఇలాంటి స్థానాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, 30 తీసుకుంటే 3/8ని 30 సార్లు హెచ్చించాలి. ఫలితం సుమారు ఆరు లక్షల కోట్లలో ఒకటి. భూమి మీద ఉన్న జనాభా 800 కోట్ల పైచిలుకు. అంటే 300 కోట్ల అక్షరాలలోంచి జాగ్రత్తగా ఏరిన 30 అక్షరస్థానాలు చాలు, మనిషిని గుర్తుపట్టడానికి. సీసా మీద పేరు లేకపోయినా లోపల ఉన్నదే ఒక పేరు. పోల్చి చూడడానికి మరొక నమూనా దొరికిందంటే ఆ పేరు చదవవచ్చు.

ఇప్పుడు మరొక లెక్క. ఒక పరిశోధనలో "తెలుగు మాట్లాడే స్త్రీ, వయస్సు 30 ఏళ్ళలోపు, ఇద్దరు బిడ్డల తల్లి" అని రాశారనుకోండి. ఆ వర్ణనకు సరిపోయేవారు లక్షలలో ఉంటారు. ఎవరో తెలుసుకోవడం కష్టం. అదే "ఓంగే స్త్రీ, 20 నుంచి 30 ఏళ్ళలోపు, ఇద్దరు బిడ్డల తల్లి" అని రాస్తే? మొత్తం 101 మందిలో స్త్రీలు సుమారు 50. ఆ వయస్సువారు పదిమందికి మించరు. ఇద్దరు బిడ్డలున్నవారు ముగ్గురో నలుగురో. ఆ ఊరిలో పనిచేసే నర్సుకో, పడవ సరంగుకో ఆమె ఎవరో తెలుసుకోవడానికి ఏ ప్రయోగశాలా అక్కరలేదు. పైగా ఐదుగురు ఇచ్చిన రక్తం గురించి రాసినదంతా, ఇవ్వని 96 మంది గురించి కూడా రాసినట్లే. వద్దన్నవారికి కూడా ఇక్కడ తప్పించుకునే దారి లేదు.

చుట్టాల గుట్టు

ఇది దీవుల సమస్య మాత్రమేననుకోకండి. మీ అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో మీ డి.ఎన్.ఎ.లో సుమారు సగం కలుస్తుంది. పెదనాన్న కొడుకుతో ఎనిమిదో వంతు కలుస్తుంది. అమెరికాలో ఉన్న ఆ అన్నయ్య సరదాకి గొట్టంలో లాలాజలం ఉమ్మి ఒక కంపెనీకి పంపాడంటే, మీ గ్రంథంలో కూడా కొన్ని పుటలు ఆ కంపెనీకి చేరినట్లే.

దీని ఫలితం 2018లో లోకానికి తెలిసింది. కాలిఫోర్నియాలో 1970, 80 దశకాలలో వరుస హత్యలు చేసి తప్పించుకున్న వ్యక్తిని పోలీసులు ఆ సంవత్సరం పట్టుకున్నారు. అతడు ఏనాడూ తన డి.ఎన్.ఎ.ను ఎవరికీ ఇవ్వలేదు. వంశవృక్షాలపై ఆసక్తితో దూరపు బంధువులు ఒక వెబ్‌సైటులో పెట్టుకున్న సమాచారమే దారి చూపింది. హంతకుడు దొరకడం మంచిదే. కాని అదే తాళంచెవితో ఎవరి ఇంటి తలుపైనా తెరవవచ్చు.

2023లో '23 అండ్ మీ' అనే అమెరికన్ కంపెనీలో జరిగిన చోరీ మరొక పాఠం. దొంగలు చొరబడినవి సుమారు 14 వేల ఖాతాలే. కాని బంధువులను వెతికిపెట్టే సౌకర్యం ద్వారా వారు దాదాపు 69 లక్షల మంది వివరాలు చేజిక్కించుకున్నారు. ఒక్కో తలుపు వెనుక సగటున దాదాపు ఐదు వందల మంది దొరికారన్నమాట. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. కోటీ యాభై లక్షల మంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనని పెద్ద గొడవ జరిగింది. చివరికి కంపెనీ స్థాపకురాలే ఏర్పాటు చేసిన లాభాపేక్షలేని సంస్థ దానిని కొనుక్కుంది. సంకేతపదం దొంగిలిస్తే కొత్తది పెట్టుకోవచ్చు. డి.ఎన్.ఎ.ను మార్చుకోలేం.

సమాజానికి కూడా గుట్టు ఉంటుంది

అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ లోయలో హవసుపాయి అనే చిన్న ఆదివాసి తెగ ఉంది. వారిలో మధుమేహం ఎక్కువ. 1990లలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వారి రక్తం సేకరించారు. మధుమేహం గురించేనని తెగవారు నమ్మి ఇచ్చారు. తరువాత అదే రక్తంతో మానసిక వ్యాధుల గురించి, తెగలోని దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళ గురించి, వారి పూర్వీకుల వలసల గురించి కూడా పరిశోధనలు జరిగాయని తెలిసి వారు కోర్టుకు వెళ్ళారు. తాము ఆ లోయలోనే పుట్టిన జాతి అని వారి నమ్మకం. వలస వచ్చారని తేల్చడానికి తమ రక్తాన్నే వాడడం వారిని బాధించింది. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తపు నమూనాలను తిరిగి ఇచ్చివేసింది.

ఇక్కడ సమస్య ఎవరో ఒకరి పేరు బయటపడడం కాదు. అయినా ఒక సమాజమంతటి గౌరవం దెబ్బతింది. ఇలాంటి అనుభవాల నుంచే దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు 2017లో పరిశోధకులకు ఒక నియమావళి ప్రకటించారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ ఉంటేనే తమ వద్దకు రమ్మన్నారు. ఫలితాలు ప్రకటించే ముందు తమకు చూపాలన్నారు.

మన అండమాన్ సమూహాల పరిస్థితి ఇంకా సున్నితమైనది. సెంటినలీయులనే తీసుకోండి. వారి భాష బయటివారెవరికీ తెలియదు. అనుమతి అడగడానికే మాట లేని చోట అనుమతి తీసుకోవడం సాధ్యం కాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం ఈ తెగల నివాసప్రాంతాలలోకి అధికారుల అనుమతి లేకుండా బయటివారు అడుగుపెట్టరాదు. మనుషులను కాపాడే ఈ కంచె, ప్రయోగశాల శీతలపెట్టెలో ఎప్పుడో చేరిన రక్తాన్ని, కంప్యూటరులో చేరిన అక్షరాలను కాపాడలేదు. వాటికి వేరే కంచె కావాలి.

చట్టం ఏమంటోంది?

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అదే సంవత్సరం భారత వైద్య పరిశోధనా మండలి మనుషులపై జరిపే పరిశోధనలకు నైతిక మార్గదర్శకాలను సవరించి ప్రకటించింది. ఏ పరిశోధనకైనా నైతిక సంఘం ఆమోదం, విషయం వివరించి తీసుకున్న సమ్మతి తప్పనిసరి. గిరిజన సమూహాల విషయంలో అదనపు జాగ్రత్తలు కూడా చెప్పింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ముఖ్యమైన మాట చెప్పింది. భార్యాభర్తల తగవులో బిడ్డకు యథాలాపంగా డి.ఎన్.ఎ. పరీక్ష చేయించరాదని, తన జన్యు సమాచారాన్ని కాపాడుకునే హక్కు బిడ్డకు ఉందని పేర్కొంది.

బీమా సంగతి చూద్దాం. జన్యు సంబంధమైన వ్యాధి అన్న కారణంతో వైద్యఖర్చులు నిరాకరించడాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది. ఆ తరువాత బీమా నియంత్రణ సంస్థ కూడా అలా నిరాకరించవద్దని కంపెనీలను ఆదేశించింది. అయితే జన్యువుల ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికా 2008లో అలాంటి చట్టం చేసింది. ఆరోగ్యబీమా, ఉద్యోగాలకు అది వర్తిస్తుంది గాని జీవితబీమాకు వర్తించదు.

నేరపరిశోధనలో డి.ఎన్.ఎ. వాడకానికి 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లును 2023 జూలైలో ప్రభుత్వం ఉపసంహరించుకుంది. ఆ సంవత్సరమే వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అవి దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు ఉంది. సమ్మతి లేకుండా సమాచారం వాడరాదన్నది ఈ చట్టానికి మూలసూత్రం. కాని జన్యు సమాచారానికి ఇందులో ప్రత్యేక స్థానమేమీ లేదు. పరిశోధనలకు కొన్ని షరతులపై మినహాయింపు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ చట్టం దృష్టిలో సమాచారానికి యజమాని ఒక్క వ్యక్తే. వందమంది కలిసి పంచుకున్న గుట్టును ఎలా చూడాలో అది చెప్పదు.

ఈ విషయంలో ఐస్‌లాండు దేశపు తీర్పు ఒకటి గమనించదగినది. జాతీయ ఆరోగ్య సమాచార భాండాగారంలో చనిపోయిన తన తండ్రి వివరాలు చేర్చవద్దని ఒక యువతి కోరింది. తండ్రి వివరాల నుంచి తన గురించి తెలుసుకునే వీలుందన్నది ఆమె వాదం. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదాన్ని అంగీకరించింది. జన్యు సమాచారం బంధువులది కూడానని ఒక న్యాయస్థానం గుర్తించిన సందర్భమిది.

మీరు అడగవలసిన ప్రశ్నలు

రేపు మీ కళాశాలలో సికిల్ సెల్ పరీక్షా శిబిరం పెట్టవచ్చు. లేదా వైద్యుడు మీ ఇంట్లో ఎవరికో జన్యు పరీక్ష చేయించమనవచ్చు. భయపడి వెనుకాడకండి. కాని సంతకం చేసే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి.

ఈ పరీక్ష దేనికోసం? ఫలితం తెలిస్తే చేయగలిగిన చికిత్స గాని, జాగ్రత్త గాని ఉందా? ఫలితాన్ని ఎవరెవరు చూస్తారు? మిగిలిన రక్తాన్ని ఏం చేస్తారు? మరో పరిశోధనకు వాడదలిస్తే మళ్ళీ నన్ను అడుగుతారా? నా మనసు మారితే నమూనాను నాశనం చేయమని కోరవచ్చా? ఫలితాన్ని విడమరచి చెప్పడానికి జన్యు సలహాదారు ఉన్నారా?

ఆఖరి ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. ఈ ఫలితం నా తమ్ముడి గురించి, చెల్లెలి గురించి కూడా ఏదైనా చెబుతుందా? చెప్పేటట్లయితే ముందుగా ఇంట్లో ఒక మాట అనుకోవడం మంచిది. వాహకుడని తేలినవారిని రోగిగా చూడడం, పెళ్ళి సంబంధాలు తప్పించడం అజ్ఞానం. అమెరికా వైమానికదళ విద్యాలయం 1981 వరకు సికిల్ సెల్ వాహకులకు ప్రవేశం నిరాకరించేది. ఆరోగ్యవంతులైన యువకులు ఒక్క అక్షరం తేడాకు అవకాశం కోల్పోయారు. అలాంటి పొరపాటు మన వీధిలో, మన తరగతిలో జరగకుండా చూడవలసిన బాధ్యత సైన్సు చదువుకున్న మీమీద ఉంది.

మళ్ళీ ఆ వెంట్రుకల దగ్గరికి వద్దాం. అవి లేకపోతే గ్రేట్ అండమానీయుల చరిత్రలో ఒక అధ్యాయం ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకంటే ఆ వెంట్రుకలు ఇచ్చిన తరంలో చాలామంది సంతతి లేకుండానే అంతరించారు. చదవడం తప్పా అంటే, అవునని గట్టిగా అనలేం. అయితే మిగిలిన ఆ కొద్ది కుటుంబాలలో పిల్లలున్నారు. వారిలో ఒకరు రేపు జీవశాస్త్రం చదివి, ఈ పరిశోధనా పత్రాలు తెరిచి, "మా ముత్తవ్వ వెంట్రుక అడిగే తీసుకున్నారా? చదివిన సంగతి మావాళ్ళకు ముందుగా చెప్పారా?" అని ప్రశ్నించవచ్చు. నూరేళ్ళ క్రితం నాటి ప్రశ్నకు మనం జవాబు చెప్పలేం. ఇప్పుడు తీసుకునే ప్రతి రక్తపుచుక్కకు మాత్రం జవాబు సిద్ధంగా ఉంచుకోవలసింది మనమే.